మా పాప చేస్తాది

ఏసేపుకు రెండే రెండు విషయాల్లో నోరు ఆగదు. ఒకటి బండ, రెండోది కూతురు. బండ సంగతైతే ఫర్వాలేదు. కళ్లు మూసుకుని బండ మీద అరచెయ్యి ఆనించి, ఇంకా ఎంతసేపు పాలిష్ పట్టాలో చెప్పగలిగిన మేస్త్రీ బేతంచెర్ల మొత్తానికి ఆయనొక్కడే అని ఏ ఫ్యాక్టరీ సావుకారిని అడిగినా ఒప్పుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని, ఎవరూ కాదనరు. కూతురి దగ్గరికి వచ్చేసరికే చిక్కు. స్తుతి కర్నూల్లో మిషన్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది, ఆ పైన కంప్యూటర్ డిప్లొమా చేసింది, ఇప్పుడు బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో మూడు నెలలుగా పనిచేస్తోంది. ఉన్నది ఇంతే. ఈ ఇంతను ఏసేపు టీ తాగేటప్పుడొకసారి, సద్దిమూట విప్పేటప్పుడొకసారి, లారీకి బండలు ఎక్కించేటప్పుడొకసారి చెబుతాడు. వినీ వినీ జనం చెవులు చిల్లులు పడ్డాయి. "మీ పాప కంప్యూటరు లోపలికే పోయి వచ్చిందంట, మాకు చెప్పనేలేదేమప్పా" అని కటింగ్ మిషన్ సుంకప్ప ఆటపట్టించేవాడు. అవునప్పా అని ఏసేపు మళ్లీ మొదటినుంచి అందుకునేవాడు.

ఆ నోరు రెండువేల అయిదు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం జారకూడని చోట జారింది.

ఫ్యాక్టరీ యజమాని నాగేశ్వరయ్య. అంతకు పదిహేను రోజుల ముందు హైదరాబాదు పోయి, అరచేతిలో పట్టే కంప్యూటరు ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి మీటలుండవు. ఒక పుల్లతో అద్దం మీద పొడిస్తే పనిచేస్తుంది. బండల మధ్య బతికే మనుషులు కదా, కూలీలు దానికి 'సావుకారి పలక' అని పేరు పెట్టేశారు. ఆ పలకను కేబుల్‌తో ఆఫీసు కంప్యూటరుకు తగిలించవచ్చునట. తీగ లేకుండా సెల్‌ఫోనుతో కలపవచ్చునట. ఆ ఫోను ద్వారా ఇంటర్నెట్టులోకి పోయి, గని దగ్గర నిలబడే చెన్నైకి ఉత్తరం పంపవచ్చునట. కొట్టువాడు చెప్పిన ఈ మాటలకే నాగేశ్వరయ్య మనసు పారేసుకున్నాడు. కొత్త వస్తువు ఏదైనా సరే, పూజ కాకుండా ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గడప దాటనివ్వదు. పలకను అహోబిలం తీసుకుపోయి, నరసింహస్వామి పాదాల దగ్గర పెట్టించి, గంధం, కుంకుమ బొట్టు పెట్టి తెచ్చి మేనల్లుడు కిరణ్‌కుమార్ చేతిలో పెట్టింది.

కిరణ్‌కుమార్ కడపలో ఇంజినీరింగు చదివి వచ్చి ఆఫీసు చూసుకుంటున్నాడు. తెలివైనవాడే, కాదనడానికి లేదు. కానీ ఆ పలక ముందు అతని తెలివి సాగలేదు. మూడు రోజులు పుల్లతో పొడిచాడు. కేబుల్ తగిలిస్తే ఆఫీసు కంప్యూటరు దాన్ని గుర్తుపట్టదు. సెల్‌ఫోను ఎదురుగా పెడితే 'ఏ పరికరమూ కనపడలేదు' అని పలక మొహం చాటేస్తుంది.

మామూలు రోజుల్లో అయితే దాని అవసరమే ఉండేది కాదు. కానీ రోడ్డు వెడల్పు చేసేవాళ్లు స్టేషన్ వైపు తవ్వుతూ టెలిఫోన్ కేబుల్ తెంపేశారు. వారం రోజులుగా ఊళ్లో ఫోన్లు మూగపోయాయి. ఆఫీసులో ఇంటర్నెట్టు లేదు. స్తుతి పనిచేసే సెంటర్లో కుర్చీలన్నీ ఖాళీ. సెల్‌ఫోన్లు మాత్రమే మోగుతున్నాయి.

ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు నాగేశ్వరయ్య సెల్‌ఫోను మోగింది. చెన్నైలో కొత్తగా కడుతున్న ఆసుపత్రికి నేల బండలు కావాలి. ఇంజినీర్లు నాలుగు గంటలకు కూర్చుని రాయి ఎంచుకుంటారు. ఆలోపల మూడు రకాల రాళ్ల ఫోటోలు ఈమెయిల్లో అందాలి. అందకపోతే వేరే ఊరి రాయి చూసుకుంటారు. ఫోటోలు ఆఫీసు కంప్యూటర్లో సిద్ధంగానే ఉన్నాయి, పోయే దారే లేదు. జీపు నంద్యాల్లో రిపేరుకు ఉంది. బస్సెక్కి కర్నూలు చేరి సెంటరు వెతుక్కునేసరికి నాలుగు దాటిపోతుంది. మిగిలింది ఆ పలకొక్కటే.

"పీసే సరిలేదు మామా. వాపసు పంపల్ల. ఇంగ నాతో గాదు" అన్నాడు కిరణ్‌కుమార్ పుల్ల బల్ల మీద పడేసి.

పాలిష్ రాళ్లు అరిగిపోయాయని చెప్పడానికి వచ్చిన ఏసేపు గుమ్మం బయట నిలబడి ఇదంతా విన్నాడు. విన్నవాడు విన్నట్టు ఉండొచ్చు కదా.

"మా పాపను పిలిస్తే చేస్తాది గదయ్యా" అన్నాడు.

నాగేశ్వరయ్య తలెత్తి చూశాడు. కిరణ్‌కుమార్ నవ్వాడు. పెద్ద నవ్వేమీ కాదు, ముక్కులోంచి వచ్చే చిన్న నవ్వు.

"ఏసేపూ, ఇది సెంటర్లో కూర్చోని బటన్లు నొక్కే పని గాదు. ఇంజినీరింగు చదివిన నాకే కాలేదు. గమ్మునుండు."

ఆ నవ్వు ఏసేపుకు ముల్లు గుచ్చుకున్నట్టు గుచ్చుకుంది. గమ్మున ఉండలేకపోయాడు. "మా పాప చేస్తాది" అన్నాడు గొంతు పెంచి. వెనక మిషన్ల దగ్గరున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. "చేయకపోతే రేపట్నుంచి నేను పాలిష్ మిషన్ ముట్టను. బండలు మోసే గుంపులో కల్సిపోతా."

నాగేశ్వరయ్య కాసేపు మేస్త్రీ మొహమే చూశాడు. "చేస్తే?" అన్నాడు.

అంత దూరం ఏసేపు ఆలోచించలేదు. ఆయన కళ్లు కంప్యూటర్ ముందున్న తిరిగే కుర్చీ మీద పడ్డాయి. తానుండే చర్చి వీధి నుంచి ముప్పై ఏళ్లుగా మనుషులు ఆ ఫ్యాక్టరీకి వస్తున్నారు, బండలు దించుతున్నారు, ఎక్కిస్తున్నారు. వాళ్లలో ఆ ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరు లేరు.

"చేస్తే మా పాపను ఆ కుర్చీలో కూర్చోబెట్టండయ్యా. పని ఇయ్యండి."

"సరే. నాలుగు దాటకూడదు. పో, పిల్చుకరా" అన్నాడు నాగేశ్వరయ్య.

సైకిలెక్కి గేటు దాటాక గానీ ఏసేపుకు తాను చేసిన పని తలకెక్కలేదు. యాభై రెండేళ్ల నడుము. బండలు మోసే గుంపులో ఉన్నవాళ్లంతా పాతికేళ్ల పిల్లలు. అదొక ఎత్తు. ఇరవై రెండేళ్లుగా మేస్త్రీ మేస్త్రీ అని పిలిచిన జనం ముందు నెత్తిన చుట్టగుడ్డ పెట్టుకుని నిలబడటం ఇంకో ఎత్తు. 'ఏం మాటన్నావురా ఏసేపూ' అని దారి పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు. అన్నీ తిట్టుకున్నాడు గానీ, పాప చేయలేదేమో అన్న అనుమానం మాత్రం ఆ తిట్లలో ఎక్కడా రాలేదు. అదీ ఆయన వరస.

సెంటర్లో స్తుతి ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని కీబోర్డు దుమ్ము తుడుస్తోంది. నాన్న చెప్పింది విని చెయ్యి ఆపింది.

"ఆ పీసు నేను ఎప్పుడూ ముట్టుకోలే నాయినా. కస్టమర్ల సెల్‌ఫోన్లకు ఇంటర్నెట్టు పెట్టిచ్చినా, అంతే. అది వేరే, ఇది వేరే."

"ఏ వేరే లేదు లేమ్మా. వచ్చి ఒక చూపు చూడు. సావుకారే పిల్చుకరమ్మన్నాడు."

పందెం ఊసెత్తలేదు మహానుభావుడు. స్తుతి తాను సెట్టింగులు రాసుకునే నోటుబుక్కు తీసుకుని సైకిల్ వెనక కూర్చుంది. గేటు దగ్గర సుంకప్ప కాచుకుని ఉన్నాడు. ఈ సంగతి చెప్పడానికి నాలుక దురద పెడుతోంది ఆయనకు.

"సక్కంగా చేయి తల్లీ. నువ్వు చేయకపోతే మీ నాయిన రేపట్నుంచి బండలు మోస్తాడంట. చేస్తే ఆఫీసులో నీకు కుర్చీ అంట."

స్తుతి సైకిల్ దిగింది. "ఏంది నాయినా ఇది?"

"నోరు జారింది పాపా."

"నీ నోరు జారితే జారనీ. నా పని మీద నువ్వెట్ల పందెం కాస్తావు? నన్ను అడిగినావా?"

ఏసేపు హ్యాండిలు పట్టుకుని నేల చూశాడు. "అడగలే" అన్నాడు.

స్తుతికి కోపం ముక్కు మీదికి వచ్చింది. కానీ గేటులో నిలబడి గొడవపడితే నాన్న పరువే పోతుంది. "పద. తర్వాత మాట్లాడుకుందాం" అంది.

వాళ్లు ఆఫీసులోకి వచ్చేసరికి రెండయింది. కిరణ్‌కుమార్ కుర్చీలోనే ఉన్నాడు, ఆ పిల్లను ఎవరూ కూర్చోమనలేదు. స్తుతి పలకను ముట్టుకోనైనా ముట్టుకోకుండా, "దీంతో పాటు ఒక పుస్తకం వచ్చుంటాది సార్. యాడుండాది?" అని అడిగింది. బీరువాలో డబ్బా ఉంది, డబ్బాలో పుస్తకం ఉంది, పుస్తకానికి వేసిన ప్లాస్టిక్ కవరు వేసినట్టే ఉంది. స్తుతి కవరు చింపి, నిలబడే చదవడం మొదలుపెట్టింది.

"ఏంది, ఇప్పుడు చదువుకుంటావా?" అన్నాడు నాగేశ్వరయ్య గడియారం చూస్తూ.

"కొంచేపయ్యా."

మూడు రోజులు పుల్లతో పొడవడానికి టైముంది గానీ, ఒక పిల్ల పది పేజీలు చదివేదానికి ఆ గదిలో ఎవరికీ ఓపిక లేకపోయింది. నాగేశ్వరయ్య ఫోను తీస్తాడు, పెడతాడు. కిరణ్‌కుమార్ కుర్చీని ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు. ఏసేపు సంగతి చెప్పనక్కర్లేదు, గుమ్మం బయట కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. 'పని చేయమంటే పరీక్షకు చదువుకున్నట్టు చదువుకుంటాదేందిరా దేవుడా' అనుకున్నాడు లోపల.

చదవడం అయ్యాక స్తుతి కేబుల్ ఊడబీకింది. డబ్బాలోని డిస్కు తీసి కంప్యూటర్లో వేసింది. "ముందు డిస్కు ఎక్కించల్ల సార్, కేబుల్ ఆ తర్వాత తగిలియ్యల్ల. ముందే తగిలిస్తే కంప్యూటరు దీన్ని గుర్తుపట్టదంట, పెద్ద అక్షరాలతో రాసినారు" అంది. పక్కనుంచి వంగి, నిలబడే పని చేసింది. డిస్కు ఎక్కింది. కంప్యూటర్ ఒకసారి ఆరిపోయి వెలిగింది. కేబుల్ తగిలించగానే తెర మీద చిన్న పచ్చ గుండ్రం తిరిగి, రెండూ కలిశాయి. ఫోటోలను చిన్నవి చేసి పలకలోకి ఎక్కించింది. కిరణ్‌కుమార్ కుర్చీ తిప్పడం మానేశాడు.

ఇంక పలకకు సెల్‌ఫోను కలపాలి. రెండింటినీ బల్ల మీద ఎదురెదురుగా పెట్టి పుల్లతో పొడిచింది. 'ఏ పరికరమూ కనపడలేదు.' మళ్లీ చేసింది. మళ్లీ అదే.

"సూసినావా? నాకూ ఇట్లనే చెప్పింది. నేను అనలేదా మామా, పీసే సరిలేదని" అన్నాడు కిరణ్‌కుమార్.

రెండూ ముప్పావు. ఏసేపు చెమటలు తుడుచుకున్నాడు. స్తుతి మళ్లీ పుస్తకం తెరిచింది. ఒక బొమ్మ మీద వేలు పెట్టి, పలకను తీసి నిలువుగా పట్టుకుని దాని పై అంచు చూసింది. చూసి అలాగే ఆగిపోయింది. చిన్నప్పుడు చిక్కు లెక్క తేలినప్పుడు ఆ పిల్ల మొహం ఎలా ఉండేదో ఏసేపుకు తెలుసు.

"ఏమైంది పాపా?"

"ఏం లేదు నాయినా" అని, పలక పట్టుకుని స్తుతి బయటికి నడిచింది. ఆఫీసును ఆనుకునే సావుకారి ఇల్లు. వసారాలో రాజ్యలక్ష్మమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. నాగేశ్వరయ్య, కిరణ్‌కుమార్, ఏసేపు ఏమిటో తెలియక వెనకే వచ్చారు.

"అమ్మా, ఈ బొట్టు మీరే పెట్టినారంట గదా" అంది స్తుతి మెట్టు కింద నిలబడి.

"అవును, నేనే. నరసింహసామి సన్నిధిలో పెట్టినా. ఏం?" అంది రాజ్యలక్ష్మమ్మ. ఆ 'ఏం'లో కొంచెం బిరుసు ఉంది.

"శానా సక్కంగా పెట్టినారమ్మా, ఇన్ని దినాలైనా చెదరలే. గానీ ఇది పెట్టిన తావు దానికి కన్ను. ఈడ ఒక నల్లద్దం ఉంటాది. మనకు కనపడని వెలుతురు దాంట్లోనుంచి పోతాది, ఫోనుకు కూడా ఇట్లాంటి కన్నే ఉండాది. రెండు కండ్లూ ఎదురెదురుగా చూసుకుంటేనే రెండూ కలుస్తాయి. గంధం ఎండిపోయి దీని కన్ను మూసుకపోయింది."

రాజ్యలక్ష్మమ్మ పలకను దగ్గరికి తీసుకుని చూసింది. "నేను అది నొసలనుకుంటి గదమ్మా. నున్నగా, నల్లగా, బొట్టుకని ఇడిసిన తావు మాదిరి ఉండె" అంది.

"ఇట్లియ్యి అత్తా, గోటితో గీకేస్తా" అని కిరణ్‌కుమార్ చెయ్యి చాచాడు.

స్తుతి అడ్డం వచ్చింది. "వద్దు సార్. అమ్మ పెట్టిన బొట్టు అమ్మే తియ్యల్ల."

ఏసేపుకు అప్పుడు తట్టింది. ఆదివారం చర్చికి పోయే పిల్ల, స్వామి దగ్గర పెట్టిన బొట్టును ఎవరినీ అడగకుండా తుడిచేసి ఉంటే, ఆ ఊళ్లో ఎవరి నోట ఏ మాట వచ్చేదో ఎవరికి తెలుసు? ఆఫీసులోనే చూసింది కదా, వేలితో రాస్తే పోయేది. రాయలేదు, నడిచి వచ్చి అడిగింది. కూతురు కంప్యూటరు చదివినందుకు ఏసేపు ఎన్నోసార్లు గొప్పలు పోయాడు గానీ, ఆ మాట అన్నందుకు కలిగిన గర్వం ముందు అవేవీ లెక్కలోకి రావనిపించింది.

రాజ్యలక్ష్మమ్మ చెంగు తడిపి నెమ్మదిగా తుడిచింది. గంధం పొక్కు లేచి, కింద నల్లద్దం మెరిసింది. లోపలినుంచి కుంకుమ భరిణె తెప్పించి, పలకను వెనక్కి తిప్పి, "ఈడ కండ్లేమీ లేవు గదా?" అని అడిగింది.

"లేవమ్మా, పెట్టండి."

బొట్టు పెట్టి, మేనల్లుడి వైపు తిరిగింది. "మూడు దినాలు దాని మొగమే సూస్తాంటివి గదా. కన్ను మూసుకపోయింది నీకు కనపల్లేదా?" అంది. కిరణ్‌కుమార్ చెవులు ఎర్రబడ్డాయి.

మళ్లీ ఆఫీసు బల్ల మీద పెట్టారు. ఈసారి పలక ఫోనును గుర్తుపట్టింది. ఏసేపు పై కండువా దులుపుకున్నాడు. అంతలోనే తెగిపోయింది. మళ్లీ కలిసింది, మళ్లీ తెగింది. స్తుతి పెదవి కొరుక్కుంటోంది. ఏసేపు కళ్లు బల్ల మీదున్న స్టీలు గ్లాసు మీద పడ్డాయి. అందులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఫోను కూడా వెంట్రుకవాసి చొప్పున పక్కకు జరుగుతోంది. కంప్యూటరు సంగతి ఆయనకు తెలియదు గానీ, ఈ వణుకు ఇరవై రెండేళ్లుగా తన ఒంట్లో ఉన్నదే.

ఎవరినీ అడగలేదు. షెడ్డులోకి పోయి రెండు చేతులూ పైకెత్తాడు. తొమ్మిది మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. కరెంటు పోతే తప్ప పట్టపగలు ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం ఎవరూ ఎరగరు. స్టేషన్లో గూడ్సు బండి కూత అంత దూరం నుంచీ వినిపించింది.

"ఎవరు నిలపమన్నారు?" అంటూ నాగేశ్వరయ్య బయటికి వచ్చాడు.

"నేనేనయ్యా. అదురుతాండాది. ఆ రెండూ కదలకుండా ఉండల్ల."

స్తుతి కూడా బయటికి వచ్చి ఫోను ఎత్తి చూసింది. ఆఫీసులో సిగ్నలు ఒక్క గీత, ఇక్కడ నాలుగు గీతలు. "ఈడే పెడదాం నాయినా. ఎండ మాత్రం తగలకూడదు, ఎండలో దాని కన్ను చెదురుతాదంట" అంది. ఏసేపు ఇద్దరిని పిలిచి, రేకుల పంచ కింద ఇసుక పరిపించి, పాలిష్ అయిన బండ ఒకటి దాని మీద పెట్టించాడు. అరచెయ్యి ఆనించి చూశాడు. ఒక మూల పిడికెడు ఇసుక తోశాడు. చేతిలో నీళ్లు తీసుకుని నడిమధ్యన వదిలాడు. నీళ్లు ఎటూ జరగకుండా ఉన్నచోటే నిలబడ్డాయి. కండువాతో తుడిచి, "కూర్చో పాపా. ఇది కదిలే పని లేదు" అన్నాడు.

స్తుతి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పలకను, ఫోనును జానెడు దూరంలో ఎదురెదురుగా పెట్టింది. కలిశాయి. అందరూ చూస్తుండగా ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. తెగలేదు.

తర్వాత ఇంటర్నెట్టు. కిరణ్‌కుమార్ అందులో ఆఫీసు ల్యాండ్‌లైను వివరాలు పెట్టి ఉంచాడు. స్తుతి వాటిని కొట్టేసి, నోటుబుక్కు తెరిచి, సెల్‌ఫోను కంపెనీవి ఒక్కొక్క అక్షరం పుల్లతో పొడిచింది. ఫోను తెర మీద రెండు చిన్న బాణాలు వెలిగాయి. "నెట్టు వచ్చింది సార్" అని కిరణ్‌కుమార్‌కు చూపించింది. అతను వంగి చూసి, ఆ పిల్ల పక్కనే నేల మీద కూర్చున్నాడు. ప్యాంటుకు రాతిపొడి అంటుకుంటుందని కూడా చూసుకోలేదు.

నాగేశ్వరయ్య చెప్పుకుపోయాడు, స్తుతి ఇంగ్లీషులో రాసింది. "కింద ఎవరి పేరు పెట్టల్లయ్యా?" అంది.

"రాసేది నువ్వు గదా, నీ పేరే పెట్టు. టైము అవుతాంది."

మూడు ఫోటోలు పోవాలి. తెర అడుగున సన్నటి గీత చీమ నడకన జరుగుతోంది. మిషన్లు ఆగిపోయాయి కాబట్టి పనివాళ్లంతా చుట్టూ మూగారు. ఊపిరి గట్టిగా వదిలితే తెగిపోతుందేమో అన్నట్టు నిలబడ్డారు. ఏసేపు గీతను చూడలేదు. చూడటానికి ధైర్యం చాలక కూతురి మొహమే చూస్తూ ఉన్నాడు. నాలుగుకు ఎనిమిది నిమిషాలుందనగా స్తుతి భుజాలు దిగాయి.

"పోయిందయ్యా" అంది.

ఎవరూ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. అది నిజంగా చెన్నై చేరిందో లేదో ఎవరికి తెలుసు? పావుగంట అలాగే నిలబడ్డారు. అప్పుడు పలక టింగుమంది. కిరణ్‌కుమార్ చదివి, తెలుగులో అందరికీ చెప్పాడు.

"డియర్ మేడం. ఫోటోలు అందినాయి, శానా స్పష్టంగా ఉండాయి. మూడో రాయి మాకు నచ్చింది. కొలతలు పంపించండి."

"మేడమెవరబ్బా?" అన్నాడు సుంకప్ప.

"ఇంగెవరు? స్తుతి" అన్నాడు కిరణ్‌కుమార్.

సుంకప్ప నోట ఎగతాళి మాట రాలేదు. "ఏసేపన్నా, చెన్నై వాళ్లు మీ పాపను మేడం అంటాండారు" అన్నాడు మెల్లగా. ఏసేపు విన్నాడు. సంతోషం దాచుకోవాలనిపించలేదు, దాచుకోవడం ఆయనకు చేతకాదు కూడా. అందరి ముందూ కండువా మొహానికి పెట్టుకుని ఏడ్చేశాడు.

నాగేశ్వరయ్య నవ్వు మొహంతో ఆయన భుజం తట్టాడు. "గెల్చినావప్పా. అన్న మాట అన్నట్టే. ఆ కుర్చీ మీ పాపదే. రేపట్నుంచి పంపించు."

స్తుతి లేచి, బట్టలకు అంటిన రాతిపొడి దులుపుకుంది. "అయ్యా, ఒక మాట" అంది.

"చెప్పమ్మా."

"పందెం కాసింది మా నాయిన. అది ఆయనతోనే సరి. ఓడిపోయింటే బండలు మోసేవాడు, గెల్చినాడు గాబట్టి మిషన్ కాడుంటాడు. నేను ఆయన గెల్చుకున్న వస్తువును గాదు. నన్ను పనికి పెట్టుకోవల్లనుకుంటే నన్నే అడగండి."

ఏసేపు ఏడుపు టక్కున ఆగిపోయింది. చేతికందిన కుర్చీ. ముప్పై ఏళ్లలో ఎవరికీ అందని కుర్చీ. 'చిన్నపిల్ల, తెలీక అంటాండాదయ్యా' అనబోయాడు. అనలేదు. గేటు దగ్గర తనను అడిగిన మాటే సావుకారినీ అడుగుతోంది. తనను అడిగినప్పుడు న్యాయమైన మాట ఇప్పుడు ఎందుకు కాదు?

నాగేశ్వరయ్య చెడ్డవాడు కాదు. జీతం చెప్పిన రోజుకు ఇస్తాడు, పండక్కి బట్టలు పెడతాడు. కానీ పనివాళ్లకు రమ్మని చెప్పడం, పొమ్మని చెప్పడమే తప్ప, వస్తావా అని అడగడం ఆయనకు అలవాటు లేదు. మీసం సవరించుకుంటూ నిలబడిపోయాడు.

వసారాలోంచి రాజ్యలక్ష్మమ్మ గొంతు వినిపించింది. "అడగండి. ఆ పాప అన్నదాంట్లో తప్పేముండాది? నన్ను వచ్చి అడగలేదా?"

నాగేశ్వరయ్య మీసం మీంచి చెయ్యి తీశాడు. "ఏమ్మా స్తుతీ, మా ఆఫీసులో పనికి వస్తావా?"

"వస్తానయ్యా. సెంటర్లో చెప్పల్ల. సోమవారం నుంచి వస్తా."

"సరేమ్మా" అన్నాడు నాగేశ్వరయ్య. అని, ఏం చేయాలో తోచక, మిషన్లు ఎందుకు ఆగి ఉన్నాయని అందరి మీదా కేకలేశాడు.

సాయంత్రం పని దిగాక ఏసేపు సైకిల్ తోసుకుంటూ, స్తుతి పక్కన నడుస్తూ ఇంటిదారి పట్టారు.

"తప్పైంది పాపా. నిన్ను అడగకుండా మాటిచ్చినా" అన్నాడు ఏసేపు.

"తప్పే నాయినా" అంది స్తుతి. "గానీ అడిగింటే నేను వద్దనేదాన్ని" అంది.

"ఏమిటికి?"

"నాతో అవుతాదని నాకే తెలీదు. ఆ పీసును కంటితో గూడా సూసింది లేదు నేను. నీకెట్ల తెలిసె?"

ఏసేపు ఆలోచించాడు. కూతురి దగ్గర అబద్ధం చెప్పడం ఇష్టం లేదు.

"నాకూ తెలీదు పాపా. నీతో కాదని ఆయన నవ్వుతాంటే నాకు ఓర్సుకోబుద్ధి కాలే, అంతే."

బండల లారీ ఒకటి ఎదురొస్తే ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. దుమ్ము అణిగాక తండ్రి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, ఆ చేతిని ఇల్లు చేరేదాకా వదల్లేదు.